ర్యాంకుల్లేని స్కూల్ న్యూస్

ఏప్రిల్ వచ్చిందంటే మన స్కూళ్ల నుంచి ఇంటికి వచ్చే కబుర్లు రెండే. ఒకటి, ‘డియర్ పేరెంట్, మీ వార్డ్ ఫీజు బకాయి ఇంత’ అనే ఎస్సెమ్మెస్. రెండోది సెంటర్లో కట్టిన ఫ్లెక్సీ. దాని నిండా పాస్‌పోర్ట్ సైజు మొహాలు, ఒక్కో మొహం కింద ఒక్కో నంబరు. ఏడాదంతా ఆ బిల్డింగులో ఇంకేమీ జరగలేదా అంటే, జరిగే ఉంటుంది. ఎవరో పిల్లాడికి పన్ను ఊడి ఉంటుంది. ఎవరో టీచరమ్మకి పెళ్లయి ఉంటుంది. ఎవరింట్లోనో మామ్మ పోయి ఉంటుంది. అవేవీ మనకి న్యూస్ కాదు.

అవన్నీ న్యూసే అనుకునే స్కూలొకటి నాకు తెలుసు. డబ్లిన్ శివార్లలో ఉంది. క్యాథలిక్ ప్రైమరీ స్కూలు. మా అక్క కూతురు అందులోనే చదువుతోంది. టర్మ్ అయిపోయినప్పుడల్లా, అంటే క్రిస్మస్‌కి, ఈస్టర్‌కి, జూన్ నెలాఖరుకి, ఆ స్కూలు పేరెంట్స్‌కి ఒక న్యూస్‌లెటర్ పంపుతుంది. అది వచ్చే యాప్ పేరు అలాద్దీన్. నేను పెట్టిన పేరు కాదండీ, ఐర్లండ్‌లో చాలా స్కూళ్లు వాడే యాప్ పేరే అది. అక్క ఆ పీడీఎఫ్‌ని తెచ్చి మా ఫ్యామిలీ గ్రూపులో పడేస్తుంది. తెనాలిలో ఉన్న అమ్మకి దాన్ని తెలుగులో చెప్పి వాయిస్ మెసేజ్ పెట్టడం నా డ్యూటీ.

డిజైన్ సంగతి అడక్కండి. కామిక్ సాన్స్ ఫాంట్, మూలల్లో క్లిప్ ఆర్ట్ పూలు, ఒక ఫొటో అడ్డంగా, ఒక ఫొటో నిలువుగా. మా ఆఫీసులో ఎవరైనా ఇలాంటిది రివ్యూకి పెడితే పదిహేను కామెంట్లు పడతాయి. కానీ లోపల ఉండే సరుకు చూడండి. సిక్స్త్ క్లాస్ పిల్లలు బడి దాటి వెళ్లిపోతున్నారు, వాళ్లకి వీడ్కోలు. ఫలానా టీచర్ మెటర్నిటీ లీవుకి వెళ్తున్నారు, ఆవిడ కోసం ప్రార్థించండి. సెకండ్ క్లాసులో ఒక కేరళ కుటుంబానికి కవలలు పుట్టారు, శుభాకాంక్షలు. గేటు దగ్గర రోడ్డు దాటించే పెద్దాయన రిటైరయ్యాడు. లాస్ట్ ప్రాపర్టీ పెట్టెలో దిక్కూ మొక్కూ లేకుండా ముప్ఫై ఒక్క జంపర్లు పడి ఉన్నాయి, దయచేసి వచ్చి తీసుకెళ్లండి, పేరు రాసి పంపండి బాబూ.

ఆ జంపర్ల పేరా మా అమ్మకి భలే ఇష్టం. ప్రతి టర్మూ ఆ లెక్క ఎంతకి చేరిందో అడుగుతుంది.

ఇక ఆ దేశం సంగతి కొంచెం చెప్పుకోవాలి, లేకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. ఐర్లండ్‌లో ప్రైమరీ స్కూళ్లు నూటికి దాదాపు 90 క్యాథలిక్ చర్చి ఆధ్వర్యంలోనివే. టీచర్ల జీతాలు ప్రభుత్వం ఇస్తుంది. స్కూలుకి ‘పేట్రన్’ మాత్రం సాధారణంగా అక్కడి బిషప్. మన దగ్గర ఎయిడెడ్ స్కూలు ఎలాగో అలాగన్నమాట. తేడా ఏంటంటే, మన ఊళ్లో ఎయిడెడ్ స్కూలు వద్దనుకుంటే పక్క వీధిలో ఇంకో నాలుగు ఉంటాయి. అక్కడ చాలా ఊళ్లలో నడిచి వెళ్లే దూరంలో ఉండేది ఆ ఒక్కటే. ఒకప్పుడు సీట్లు తక్కువైతే బాప్తిస్మం తీసుకున్న పిల్లలకి ముందు ఇచ్చేవాళ్లు. దాంతో చర్చి మొహం చూడని తల్లిదండ్రులు కూడా స్కూలు సీటు కోసమని పిల్లలకి బాప్తిస్మం ఇప్పించేవాళ్లట. సీటు కోసం మనం సంపాదించే సర్టిఫికెట్లు గుర్తొస్తున్నాయా? 2018లో చట్టం మార్చి క్యాథలిక్ ప్రైమరీ స్కూళ్లలో ఆ పద్ధతి తీసేశారు. అందుకే మా మేనకోడలికి ఇబ్బంది లేకుండా సీటొచ్చింది. 2023 నుంచి ప్రైమరీ పిల్లలకి పుస్తకాలు కూడా ఫ్రీ. బుక్స్, నోట్‌బుక్స్, యూనిఫామ్, షూస్ అన్నీ స్కూల్లోనే కొనాలనే మన కష్టం తెలిసినవాళ్లు ఇక్కడ ఒక నిట్టూర్పు విడవొచ్చు.

అడ్మిషన్ అప్పుడు బావగారి వాళ్లమ్మ ఒంగోలు నుంచి ఫోన్ చేసి, “అక్కడ పిల్లని మార్చేస్తారేమో చూసుకోండి” అన్నారు. దానికి జవాబు చెప్పింది మా అమ్మ. అమ్మ ఐదో క్లాసు దాకా పల్లెటూళ్లో ఆర్‌సీఎం స్కూల్లో చదివింది. పొద్దున్నే ప్రార్థన, మధ్యాహ్నం గోధుమరవ్వ ఉప్మా, చేతిలో పేము బెత్తంతో సిస్టరమ్మగారు. ఆ పాటలు ఇప్పటికీ అమ్మకి వచ్చు. శుక్రవారం అమ్మవారి గుడికి వెళ్లి వచ్చి, వంటింట్లో పని చేసుకుంటూ ఆ పాట కూనిరాగం తీయడం నేను విన్నాను. “నన్నెవరు మార్చారు వదినా, ఎక్కాలు మాత్రం వచ్చాయి” అంది వియ్యపురాలితో.

అసలు మనకి ఈ స్కూళ్లతో చుట్టరికం పాతదే. ఐర్లండ్‌లోని కార్క్ పట్నంలో 1775లో నానో నేగల్ అనే ఆవిడ పేద పిల్లల చదువు కోసం పెట్టిన సంఘమే తర్వాత ప్రెజెంటేషన్ సిస్టర్స్ అయింది. వాళ్లు 1842లో మద్రాసు వచ్చి స్కూళ్లు తెరిచారు. అప్పటికి మన గుంటూరు, నెల్లూరు అన్నీ మద్రాసు ప్రెసిడెన్సీలోనివే. ‘కాన్వెంట్’ అనే మాట మనలో ఎంత ఇంకిపోయిందంటే, సిస్టర్ అనే మనిషే లేని బడికి కూడా శ్రీ సరస్వతీ కాన్వెంట్ అని బోర్డు పెట్టుకుంటాం.

సరే, మా పిల్ల సంగతికి వద్దాం. తను నిరుడు సెప్టెంబర్లో సెకండ్ క్లాసుకి వచ్చింది. అక్టోబర్లో, దసరా వెళ్లిన నాలుగు రోజులకి, బావగారి నాన్నగారు పోయారు. ఒంగోల్లో. రాత్రికి రాత్రి దొరికింది ఒక్కటే టికెట్. బావగారొక్కరే దోహా మీదుగా వచ్చారు, అయినా అందలేదు. కార్యక్రమం సగం వీడియో కాల్లో చూశారు, దోహా ఎయిర్‌పోర్టులో కూర్చుని. అక్కా, పిల్లా డబ్లిన్‌లోనే ఉండిపోయారు.

ఏడేళ్ల పిల్లకి ఇది ఎలా అర్థమవుతుంది? తాతయ్య అంటే దానికి ఆదివారం పొద్దున ఫోన్లో కనిపించే మొహం. ఆ ఆదివారం ఫోన్ రాలేదు, అంతే. ఇంట్లో దీపం పెట్టి అక్క ఏదో చెప్పింది. చుట్టాలు రావడం, ఏడుపులు, పదకొండో రోజు, పన్నెండో రోజు, భోజనాలు, ఫొటోకి దండ, ఇవేవీ లేవు. మన దగ్గర చావు అంటే ఇంటి నిండా జనం. అక్కడ అక్క సోమవారం పొద్దున్నే ల్యాప్‌టాప్ తెరిచి స్టాండప్ కాల్లో కూర్చుంది.

డిసెంబర్ న్యూస్‌లెటర్ వచ్చినప్పుడు ఎప్పటిలాగే చదవడం మొదలుపెట్టాను. క్రిస్మస్ నాటకం, ఫుడ్ కలెక్షన్, జంపర్లు నలభై. నాలుగో పేజీలో ఒక ఫొటో. క్యాథలిక్కులకి నవంబర్ నెల చనిపోయినవాళ్లని తలుచుకునే నెల. మన గుంటూరు వైపు నవంబర్ 2న సమాధుల పండగ చేస్తారు చూడండి, సున్నాలు వేసి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగిస్తారు, అదే. ఈ స్కూలు వాళ్లు హాల్లో ఒక ఎండు కొమ్మ నిలబెట్టి, పిల్లలందరికీ కాగితం ఆకులు ఇచ్చి, మీవాళ్లెవరైనా పోయి ఉంటే పేరు రాసి కట్టండి అన్నారట. గ్రానీ, గ్రాండా, నానా, ఒక కుక్కపిల్ల పేరు కూడా ఉంది. ఫొటోని రెండు వేళ్లతో పెద్దది చేస్తే, కింది కొమ్మకి ఒక పసుపు ఆకు. దాని మీద తెలుగులో, వంకర అక్షరాలతో, ‘తాతయ’.

ఫొటో కింద ఈ టర్మ్‌లో ఆప్తుల్ని పోగొట్టుకున్న కుటుంబాల పేర్లు. ఓ మొదలు పెట్టుకునే ఐరిష్ ఇంటిపేర్ల మధ్య మా బావగారి ఇంటిపేరు. ఆ కుటుంబాలన్నిటి కోసం స్కూలంతా ప్రార్థించింది అని ఒక వాక్యం.

అక్కకి ఆ సంగతే తెలియదు. పిల్ల ఇంట్లో చెప్పలేదు. స్కూల్లో టీచర్‌కి చెప్పింది, ఆకు అడిగి తీసుకుంది, ఆన్‌లైన్ తెలుగు క్లాసులో నేర్చుకున్న అక్షరాలతో రాసుకుంది.

అమ్మ ఆ ఫొటో చాలాసేపు చూసింది. “య కింద వత్తు మర్చిపోయింది” అంది ముందు. తర్వాత, “ఒంగోలుకి పంపు” అంది. పంపితే చూడ్డం ఆవిడకి రాదని మళ్లీ తనే ఫోన్ చేసి, నా చేత ఆ పేజీ మొత్తం ఆవిడకి చదివించింది. ఆవిడ ఏమీ మాట్లాడలేదు కాసేపు. తర్వాత ఒకటే అడిగారు, “ఆ చెట్టు ఉంచుతారా, తీసేస్తారా?”

ఇక్కడితో ఆపేస్తే ఇది మంచి ఫార్వర్డ్ మెసేజ్ అవుతుంది. కానీ ఇదే స్కూల్లో జనవరి నుంచి ఇంకో కథ నడిచింది.

సెకండ్ క్లాస్ అంటే అక్కడ ఫస్ట్ కమ్యూనియన్ ఏడాది. మన క్యాథలిక్కులు మొదటి దివ్యసత్ప్రసాదం అంటారు. మే నెలలో జరుగుతుంది. దానికి తయారీ మాత్రం నెలల తరబడి, స్కూల్లోనే, క్లాసు టైములోనే. పాటలు, ప్రార్థనలు, చర్చిలో ఎలా నడవాలి, చేతులు ఎలా పట్టాలి. ఆడపిల్లలకి తెల్ల గౌను, తలమీద మేలిముసుగు, చిన్న పర్సు. ఆ రోజు ఇంటి దగ్గర గాలి ఊదిన ప్లాస్టిక్ కోట తెప్పిస్తారు, పిల్లలు అందులో గెంతుతారు. చుట్టాలు కవర్లలో డబ్బులు పెట్టి ఇస్తారు. మన ఓణీల ఫంక్షన్ లాంటిదే అనుకోండి, చదివింపులతో సహా. మొత్తం క్లాసులో ఇరవై తొమ్మిది మంది. అందులో ఈ తంతులో లేనివాళ్లు ముగ్గురు. మా మేనకోడలు, ఒక పాకిస్తానీ కుటుంబం అబ్బాయి, అమ్మానాన్నలు ఏ మతమూ వద్దనుకున్న ఒక ఐరిష్ పాప.

వద్దనుకునే హక్కు వాళ్లకుంది. 1937 నాటి ఐరిష్ రాజ్యాంగం 44వ అధికరణలోనే ఉంది, ప్రభుత్వ డబ్బు తీసుకునే స్కూల్లో ఏ పిల్లా మతబోధకి కూర్చోనక్కర్లేదని. మన రాజ్యాంగంలో 28వ అధికరణ మూడో క్లాజు కూడా ఇంచుమించు ఇదే. గ్రూప్స్‌కి ప్రిపేరయ్యేవాళ్లకి ఐర్లండ్ అనగానే ఆదేశిక సూత్రాలు గుర్తొస్తాయి, ఇది కూడా పక్కన రాసుకోండి. అయితే హక్కు కాగితం మీద ఉండటం వేరు, ఇంకో గది, ఇంకో టీచరు ఉండటం వేరు. ఉన్నది ఒకే టీచర్ అయినప్పుడు ఆ ముగ్గురు పిల్లలు ఎక్కడికి వెళ్తారు? వెనక టేబుల్‌కి. రంగులు వేసుకుంటూ, బొమ్మల పుస్తకం చూసుకుంటూ, ముందు ఇరవై ఆరు మంది పాడే పాటలు వింటూ. పాటలన్నీ మా పిల్లకి వచ్చేశాయి, అది వేరే సంగతి. స్నానం చేస్తూ పాడుతుందట.

దానికి భక్తి గొడవ లేదు. గౌను గొడవ. “నాకెందుకు లేదు?” అని ఒకే ప్రశ్న, మార్చి నుంచి మే దాకా. పట్టు పరికిణీ కుట్టిస్తానని అక్క అంది. “అది అందరూ వేసుకోరు కదా” అందట. నిజమే. దానికి కావాల్సింది కొత్త బట్టలు కాదు, అందరిలాంటి బట్టలు.

అక్కా బావగార్ల మధ్య ఇది పెద్ద చర్చే అయింది. బావగారిది ఒకటే మాట. మన దగ్గర చర్చి స్కూళ్లలో హిందువులు, ముస్లింలు చదువుకోవట్లేదా, ప్రేయర్‌లో నిలబడట్లేదా, ఏమైంది? అక్క వాదన వేరు. “నిలబడటం వేరు, వెనక కూర్చోబెట్టడం వేరు. నిన్ను ఏడాదిలో నాలుగు నెలలు వెనక బెంచీలో కూర్చోబెట్టారా?” నేను అక్క వైపే. మన మిషన్ స్కూళ్లలో నాలాంటివాళ్లకి ప్రార్థన ఐదు నిమిషాల పని. మొహం అమాయకంగా పెట్టి నిలబడితే అయిపోయేది. క్లాసులో సగం పైగా మనలాంటివాళ్లే ఉండేవాళ్లు కాబట్టి ఎవరూ విడిగా కనపడేవాళ్లు కాదు. ఇరవై తొమ్మిదిలో ముగ్గురు కావడం అలా కాదు. పైగా అది ప్రభుత్వం జీతమిచ్చే టీచరు, అందరి పన్నులతో నడిచే బడి. ఇందులో మా బావగారి పన్ను కూడా ఉంది, పేస్లిప్ చూపించి మరీ చెప్పింది అక్క.

టీచర్ని తప్పు పట్టడానికి మాత్రం లేదు. అక్క మెయిల్ పెడితే పక్కరోజే ఫోన్ చేసింది. తన చేతిలో ఉన్నది ఏంటో, లేనిది ఏంటో దాపరికం లేకుండా చెప్పింది. పాటల బృందంలో ఈ ముగ్గురూ ఉండొచ్చా అని అడిగింది, మీకు ఇష్టమైతేనే అంది. ఐరిష్ పాప తల్లి వద్దంది. పాకిస్తానీ అబ్బాయి తండ్రి కూడా వద్దన్నాడు. అక్క సరే అంది, అరగంట ఆలోచించి. ఆ శనివారం మా పిల్ల స్కూలు యూనిఫామ్‌లో మెట్ల మీద నిలబడి పాడింది. తెల్ల గౌన్ల ఫొటోలో లేదు.

అలాంటి తల్లిదండ్రులు అక్కడ ఇప్పుడు చాలామందే ఉన్నారు, వాళ్లలో వలస వచ్చినవాళ్లే కాదు, ఐరిష్ వాళ్లు కూడా. అన్ని మతాల పిల్లల్నీ ఒకేలా చూసే స్కూళ్లు 2030 నాటికి 400 ఉండాలని ప్రభుత్వం లక్ష్యం పెట్టుకుంది. 3,000కి పైగా ఉన్న ప్రైమరీ స్కూళ్లలో 400. ఎడ్యుకేట్ టుగెదర్ అని 1984 నుంచి ఇలాంటి స్కూళ్లు నడుపుతున్న సంస్థ ఒకటుంది. అందులో ఒక దాంట్లో వెయిటింగ్ లిస్టులో అక్క ఎప్పుడో పేరు రాయించింది. జూన్ రెండో వారంలో మెయిల్ వచ్చింది, సెప్టెంబర్ నుంచి థర్డ్ క్లాసులో ఒక సీటు ఖాళీ ఉంది, శుక్రవారం లోపు చెప్పండి అని.

బస్సులో ముప్ఫై ఐదు నిమిషాల దూరం. బావగారు వెంటనే ఎక్సెల్ షీట్ తెరిచారు. టైము, ఖర్చు, ఆఫీసుకి వెళ్లే రోజులు, వాన పడే రోజులు. (వాన పడే రోజులకి విడిగా కాలమ్ ఎందుకు? మొత్తం అదే కదా అక్కడ.)

అదే వారంలో టెస్టుల రిజల్ట్ కూడా వచ్చింది. సెకండ్, ఫోర్త్, సిక్స్త్ క్లాసుల పిల్లలకి ఏడాది చివర ఇంగ్లిష్, లెక్కల్లో ఒక టెస్టు పెడతారు. మార్కులు ఇవ్వరు. స్టెన్ స్కోర్ అని 1 నుంచి 10 లోపు ఒక అంకె ఇస్తారు. మా పిల్లకి ఇంగ్లిష్‌లో 7, లెక్కల్లో 6. అమ్మ గుండెల మీద చెయ్యి వేసుకుంది. “లెక్కల్లో పదికి ఆరా? మన పిల్లకా?” అది పదికి ఆరు కాదమ్మా, ఆ వయసు పిల్లలందర్నీ వరసలో నిలబెడితే 5, 6 అంకెల్లో ఉండేవాళ్లు మూడో వంతు మంది, అంటే మామూలుగా చదివే పిల్ల అని, 7 అంటే అంతకంటే కొంచెం పైన అని చెప్పాను. బెల్ కర్వ్ బొమ్మ గీసి పంపాను. ఆ బొమ్మలో మనమ్మాయి ఎక్కడుందో చుక్క పెట్టమంది. పెట్టాను. “మరి ర్యాంకు?” అంది.

ర్యాంకు లేదు. న్యూస్‌లెటర్లో కూడా లేదు. జూన్ న్యూస్‌లెటర్లో స్పోర్ట్స్ డే ఉంది, గ్రీన్ ఫ్లాగ్ వచ్చిన సంగతి ఉంది, తపస్సు కాలంలో పిల్లలు ఇళ్లకి తీసుకెళ్లి చిల్లర వేసిన ట్రోకరా అట్టపెట్టెల లెక్క ఉంది. ఫస్ట్ కమ్యూనియన్ ఫొటో పేజీ నిండా ఉంది. దాని కింద, ఆ రోజు పాడిన పిల్లలకి కృతజ్ఞతలు అని ఒక లైను. పేర్లు లేవు. అక్క ఆ లైనుని స్క్రీన్‌షాట్ తీసి గ్రూపులో పెట్టింది. ఏమీ రాయలేదు. బావగారు థంబ్స్ అప్ పెట్టారు. అక్క దానికి ఆ రోజంతా రిప్లై ఇవ్వలేదు.

గురువారం రాత్రి వీడియో కాల్. అమ్మ, ఒంగోలు అత్తయ్యగారు, నేను, వాళ్లిద్దరు. పిల్లని అడిగారా అంది అమ్మ. అడిగారట. వెనక టేబుల్ మీద కూర్చున్న ఆ ఇద్దరూ దానికి ఇప్పుడు ప్రాణ స్నేహితులు. నాలుగు నెలలు ముగ్గురూ కలిసి ఒక ఊరు బొమ్మ గీశారట, కాగితం మీద కాగితం అతికించి, రైల్వే స్టేషన్, చేపల మార్కెట్, డ్రాగన్ల ఆస్పత్రితో సహా. ఆ ఊరు ఇంకా పూర్తవ్వలేదు కాబట్టి రానంది.

“దాని మాట విని స్కూలు డిసైడ్ చేస్తామా?” అన్నారు బావగారు. రెండు నెలలుగా ఇక్కడే ఉంచుదామన్న మనిషే ఈ మాట అనేసరికి అక్కకి నవ్వొచ్చింది. ఒంగోలు అత్తయ్యగారు మాత్రం, “ఆ చెట్టు పెట్టే స్కూలు ఇదే కదా?” అని అడిగారు. అవునన్నాం. ఆవిడ ఇంకేమీ అనలేదు.

శుక్రవారం మధ్యాహ్నం అక్క రెండు మెయిళ్లు పంపింది. ఒకటి కొత్త స్కూలుకి, సీటు ఇంకెవరికైనా ఇవ్వండి అని. రెండోది ఈ స్కూలు ప్రిన్సిపల్‌కి, కొంచెం పొడుగ్గా. మతం క్లాసులో కూర్చోని పిల్లలకి వచ్చే ఏడాది నుంచి రంగు పెన్సిళ్లు కాకుండా చేయడానికి ఏదైనా పని ఇవ్వండి, లైబ్రరీకి పంపండి, కావాలంటే వారానికో రోజు పేరెంట్స్‌లో ఒకరం వచ్చి కూర్చుంటాం అని. మిగతా ఇద్దరు పిల్లల తల్లిదండ్రుల సంతకాలు కూడా ఉన్నాయి దాని కింద. ఆగస్టు నెలాఖరులో స్కూలు తెరిచాక మాట్లాడదాం, రండి అని జవాబొచ్చింది.

థర్డ్ క్లాసులో ఈ తంతు ఏమీ ఉండదట. మళ్లీ కన్ఫర్మేషన్, అంటే మనవాళ్లు భద్రమైన అభ్యంగనం అనేది, సిక్స్త్ క్లాసులో వస్తుంది. దానికింకా నాలుగేళ్లుంది. మొన్న అక్క నీలం రంగు జంపర్ ఒకటి కొంది, రెండు సైజులు పెద్దది. కాలర్ లోపల మార్కర్‌తో పేరు రాసి, ఫొటో తీసి అమ్మకి పంపింది.